ఇంట్లోనే బేకింగ్ మిక్స్: మైదాలో ముందే ఏవి కలిపి పెట్టుకోవచ్చు, ఏవి కలపకూడదు?

అరలో_డబ్బా

మైదా, బేకింగ్ పౌడర్, వంట సోడా, ఉప్పు, పంచదార, పాలపొడి. ఇవన్నీ వంటింట్లో ఎప్పుడూ ఉండే సరుకులే. అయినా పాన్‌కేకులు చేద్దామన్నా మఫిన్లు చేద్దామన్నా ప్రతిసారీ అన్ని డబ్బాలూ దించాలి, అన్నీ కొలవాలి, మళ్లీ అన్నీ సర్దాలి. పిండి కలపడానికి పట్టే సమయం కంటే దీనికే ఎక్కువ పడుతోంది. బయట దొరికే మిక్స్ ప్యాకెట్ వెనక చదివితే అందులోనూ దాదాపు ఇవే ఉన్నాయి. మరి మనమే ఒక పెద్ద సీసాకు సరిపడా కలిపి పెట్టుకుంటే?

నాకు తెలియనివి కొన్ని ఉన్నాయి. బేకింగ్ పౌడర్‌తో పాటు వంట సోడా కూడా ముందే కలిపేయాలా? వెన్న లేదా నూనె కూడా అందులోనే కలిపి పెట్టేవాళ్లున్నారట, అది ఎంతవరకు మంచిది? ఇలా కలిపింది ఎన్నాళ్లు నిలవ ఉంటుంది? చేసి వాడుతున్నవాళ్లు వివరంగా చెప్పండి. కొలతలు కూడా కావాలి.

తూనికరాయి

కొలతలతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిక్స్ బాగుండటం బాగుండకపోవడం సగం అక్కడే తేలిపోతుంది.

మైదా 1 కిలో, బేకింగ్ పౌడర్ 50 గ్రాములు, మెత్తటి ఉప్పు 12 గ్రాములు. మూల మిశ్రమం ఇంతే. దీన్ని మించి ఏది వేసినా అది మీ ఇష్టాన్ని బట్టి వేసుకునేదే.

కప్పులతో కావాలంటే 6 కప్పుల మైదాకు 3 టేబుల్ స్పూన్ల బేకింగ్ పౌడర్, ఒకటిన్నర టీస్పూన్ల ఉప్పు. కానీ నా మాట విని చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు ఒకటి దగ్గర పెట్టుకోండి. కప్పు అంటే ఒక పుస్తకంలో 240 మిల్లీలీటర్లు, ఇంకో పుస్తకంలో 250. అది చిన్న తేడానే అనుకోండి. అసలు తేడా పిండి నింపే తీరులో వస్తుంది. చెంచాతో వదులుగా పోసి పైన చదును చేస్తే కప్పు మైదా 120 గ్రాములు తూగుతుంది. అదే కప్పును డబ్బాలో ముంచి అదిమి తీస్తే 150 దాకా వస్తుంది. ఒక్క కప్పుకే పావు వంతు తేడా! ఒకసారి చేసుకునే కేకులో ఇది సర్దుకుపోవచ్చు. సీసా నిండా కలిపి పెట్టుకునేదాంట్లో మాత్రం ఆ తప్పు సీసా ఖాళీ అయ్యేదాకా వెంటాడుతుంది.

కలిపే పద్ధతి కూడా ముఖ్యం. బేకింగ్ పౌడర్, ఉప్పు నేరుగా కిలో పిండి మీద పోసి తిప్పితే సమంగా కలవవు. ముందు ఒక కప్పు మైదా విడిగా తీసి అందులో ఈ రెండూ బాగా కలపండి. తర్వాత దాన్ని మిగతా పిండిలో వేసి, మూడుసార్లు జల్లించండి.

పొంగు

తూనికరాయి గారి మూల మిశ్రమంలో వంట సోడా లేదు చూడండి. అది మరిచిపోయి వదిలేసింది కాదు, అలాగే ఉండాలి. ఎందుకో చెబుతాను.

వంట సోడా అంటే సోడియం బైకార్బనేట్, ఒట్టి క్షారం. తడి తగిలి, పులుపు తోడైతేనే అది చప్పున కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. పులుపు లేకపోతే వేడికి కొంత విడిపోతుంది గానీ, వెనక మిగిలేది సోడియం కార్బనేట్. నోటికి సబ్బులా తగిలే చేదు రుచి దానిదే. బేకింగ్ పౌడర్ కథ వేరు. అందులో వంట సోడాతో పాటు దానికి సరిపడా పొడి ఆమ్లం, రెండింటి మధ్య తేమ చేరకుండా కాస్త పిండిపదార్థం ముందే కలిపి ఉంటాయి. అంటే నీళ్లు పోసినా పాలు పోసినా పని చేస్తుంది.

ఇప్పుడు సీసాలోనే సోడా కలిపేశారనుకోండి. ఒక రోజు పెరుగుతో కలుపుతారు, బాగా వస్తుంది. మరో రోజు మామూలు పాలతో కలుపుతారు, సోడాకు జోడీ దొరకదు, రుచి చెడుతుంది. అదే మిక్స్, అదే చెయ్యి. తప్పు ఎక్కడుందో అర్థం కాదు. కాబట్టి సోడా సీసా బయటే ఉండనివ్వండి. పుల్లటి మజ్జిగో పెరుగో వాడే రోజున, కప్పు మిక్స్‌కు పావు టీస్పూనులో సగం చాలు. పులుపును కొంత విరుస్తుంది, పైపొర చక్కగా ఎర్రబడటానికీ సాయపడుతుంది.

ఇలా కలిపి పెట్టుకోవడం కొత్తదేమీ కాదు. ఇంగ్లండులో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి 1843లో బేకింగ్ పౌడర్ తయారు చేశాడు. ఆయన భార్యకు ఈస్టు, గుడ్లు పడేవి కావు. ఈస్టు లేకుండా పొంగే రొట్టె కోసం పట్టిన దారి అది. రెండేళ్లకే, 1845లో, బ్రిస్టల్ నగరంలో హెన్రీ జోన్స్ పొంగే పదార్థాలను పిండిలోనే కలిపేసి, సెల్ఫ్ రైజింగ్ ఫ్లోర్‌కు పేటెంట్ తీసుకున్నాడు. మనం ఇక్కడ మాట్లాడుకుంటున్న మూల మిశ్రమం దానికి చాలా దగ్గర.

వెన్నముద్ద

ఇద్దరూ చెప్పింది బాగానే ఉంది కానీ కొవ్వు లేని మిక్స్‌ను నేను మిక్స్ అనను. అది పొంగే పిండి, అంతే. మిక్స్ అంటే పాలు పోసి కలిపితే పని అయిపోవాలి.

బిస్క్విక్ అనే అమెరికా రెడీ మిక్స్ ఎలా పుట్టిందో చూడండి. 1930లో జనరల్ మిల్స్ అనే ఆహార కంపెనీ ఉద్యోగి ఒకరు రైలులో వెళుతూ వేళ కాని వేళ భోజనపు పెట్టెకు వెళ్లాడు. అడిగిన కొద్దిసేపటికే వేడివేడి బిస్కెట్లు వచ్చాయి. అవి కరకరలాడేవి కావు, స్కోన్ అనే చిన్న గుండ్రటి రొట్టెలా మెత్తటివి. ఇంత త్వరగా ఎలా చేశావని వంటవాణ్ణి అడిగితే, పిండి, బేకింగ్ పౌడర్, ఉప్పు, పంది కొవ్వు ముందే కలిపి మంచుపెట్టెలో పెట్టుకున్నానని చెప్పాడట. ఆ ఊహే 1931లో ప్యాకెట్‌గా బజారుకు వచ్చింది. అందులోని కిటుకంతా ముందే కలిపిన కొవ్వుదే.

నా కొలత: తూనికరాయి గారి మూల మిశ్రమం 750 గ్రాములకు చల్లటి వెన్న 190 గ్రాములు. వెన్నను చిన్న ముక్కలుగా కోసి పిండిలో వేసి, వేలి కొసలతో నలుపుతూ రవ్వరవ్వగా అయ్యేదాకా కలపాలి. అరచేత్తో పిసకవద్దు, చేతి వేడికి వెన్న కరిగిపోతుంది. కొవ్వు పిండి రేణువుల చుట్టూ పొరలా పట్టుకుంటుంది. తర్వాత తడి తగిలినా గ్లూటెన్, అంటే పిండికి సాగుడునిచ్చే ప్రొటీన్, గట్టిగా అల్లుకోదు. అందుకే ఈ మిక్స్‌తో చేసినవి గుల్లగా విడిపోతాయి. ఈ పని తీరిక ఉన్న రోజున ఒకసారి చేసిపెట్టుకుంటే పొద్దున్న హడావుడిలో ఎంత సుఖమో చూడండి.

పొంగు

వెన్నముద్ద గారూ, గుల్లగా వస్తుందన్న మాటతో నాకు పేచీ లేదు. నిలవ సంగతి ఒక్కటి చూడండి. వెన్నలో ఉన్నదంతా కొవ్వు కాదు, దాదాపు 16 శాతం నీరుంటుంది. ఆ నీరు పిండిలోకి దిగితే బేకింగ్ పౌడర్ సీసాలో ఉండగానే కొద్దికొద్దిగా పని మొదలుపెడుతుంది. వాడే రోజుకు దానిలో సత్తువ తగ్గిపోతుంది. పైగా పిండికి పట్టిన వెన్న బయట ఉంటే కనరు వాసన వస్తుంది. మీరు చెప్పిన వంటవాడు కూడా మంచుపెట్టెలోనే పెట్టుకున్నాడు కదా.

వెన్న కలిపిన మిక్స్ అరలో పెట్టేది కాదు. ఫ్రిజ్‌లో, ఇంకా మేలు ఫ్రీజర్‌లో ఉండాలి.

వెన్నముద్ద

నేను ఫ్రీజర్‌లోనే పెడతాను, అది రాయడం విడిచిపెట్టాను. జిప్ సంచిలో పలచగా పరిచి పెడితే గడ్డకట్టదు, కావలసినంత తీసుకోవచ్చు. ఫ్రీజర్‌లో చోటు లేనివాళ్లు వెన్న బదులు నీరు లేని కొవ్వు, అంటే నెయ్యి గానీ వనస్పతి గానీ వాడవచ్చు. నెయ్యి గట్టిగా పేరుకుని ఉండాలి, కరిగిన నెయ్యి పోస్తే రవ్వలా రాదు, ముద్దవుతుంది. అప్పుడు కూడా ఫ్రిజ్‌లోనే పెట్టడం మంచిది.

కొత్తచేయి

మొత్తం చదివాను, చాలా ఉపయోగంగా ఉంది. రెండు సందేహాలు.

మఫిన్ల మీద గోధుమరంగు చిన్న చిన్న మచ్చలు కనబడుతున్నాయి, ఆ మచ్చ దగ్గర కొరికితే చేదుగా ఉంటోంది. ఇది దేనివల్ల? రెండోది, బేకింగ్ పౌడర్ డబ్బా తెరిచి చాలాకాలమైంది. దాన్ని కిలో పిండిలో కలిపేముందు ఇంకా పని చేస్తుందో లేదో చూసుకునే మార్గం ఉందా?

జల్లెడ

ఆ మచ్చలు కరగని సోడా లేదా బేకింగ్ పౌడర్ ఉండలవి. తేమకు డబ్బాలోనే చిన్న ఉండలు కడతాయి. వాటిని నలపకుండా వేస్తే పిండిలో అలాగే ఉండిపోయి, కాలేటప్పుడు మచ్చ పడతాయి. చిన్న టీ వడపోతలో వేసి చెంచా వెనకతో నలిపి జల్లించండి, అక్కడితో తీరిపోతుంది.

పరీక్ష చాలా తేలిక. అర కప్పు వేడి నీళ్లలో ఒక టీస్పూన్ బేకింగ్ పౌడర్ వేయండి. వేసీవేయగానే బుసబుసమని నురగ రావాలి. నాలుగు బుడగలు పైకి వచ్చి ఊరుకుంటే ఆ డబ్బా వాడకండి. వంట సోడాకు వేడి నీళ్లతో పరీక్ష సరిపోదు, దానికి కాస్త వెనిగరో నిమ్మరసమో కావాలి. తడి చెంచా డబ్బాలో పెట్టడం వల్లే ఇవి తొందరగా చచ్చిపోతాయి. పొయ్యి పక్క అర కూడా వీటికి పనికిరాదు, మరిగే గిన్నెల ఆవిరంతా అటే పోతుంది.

ఇక నిలవ. కొవ్వు లేని పొడి మిక్స్‌ను గాలి చొరబడని సీసాలో, చల్లగా చీకటిగా ఉండే చోట పెడితే రెండు మూడు నెలలు నిశ్చింతగా వాడుకోవచ్చు. ఆ తర్వాత పాడైపోతుందని కాదు, పొంగు తగ్గుతూ వస్తుంది. సీసా మీద కలిపిన తేదీ రాసి అంటించండి. దాంతోపాటు బేకింగ్ పౌడర్ డబ్బా మీద ఉన్న గడువు కూడా రాయండి. ఆ రెండో తేదీ చాలామంది రాయరు, తీరా డబ్బా పారేశాక అది తెలుసుకునే దారి ఉండదు.

పురుగు భయం ఉంటే, కలపడానికి ముందే మైదాను సంచిలో మూసి ఫ్రీజర్‌లో నాలుగు రోజులు ఉంచండి. గుడ్లతో సహా చస్తాయి. బయటికి తీశాక సంచి పూర్తిగా గది వేడికి వచ్చేదాకా మూత తీయొద్దు. చల్లటి పిండికి గాలిలోని తేమ పట్టేస్తుంది, అందులో బేకింగ్ పౌడర్ కలిపితే ఏమవుతుందో పైన పొంగు గారు చెప్పారు.

ఇంకొక్క మాట, ఇది పిల్లలున్న ఇంట్లో మరీ ముఖ్యం. మైదా వండిన పదార్థం కాదు, పచ్చిది. అందులో ఇ.కోలై, సాల్మొనెల్లా లాంటి సూక్ష్మజీవులు ఉండవచ్చు. గుడ్డు వేయకపోయినా సరే, కలిపిన పిండిని పచ్చిగా నాకనివ్వకండి.

ముడిగోధుమ

మైదా బదులు ముడి గోధుమపిండితో చేయవచ్చా అని ఎవరూ అడగలేదు, నేనే చెబుతాను. చేయవచ్చు, కాకపోతే రెండు తేడాలు గుర్తుంచుకోవాలి. ముడి గోధుమలో మొలకభాగం ఉంటుంది, అందులో నూనె ఉంటుంది. మైదాలో ఆ భాగం తీసేస్తారు. అందుకని ముడిపిండి మిక్స్ బయట ఎక్కువకాలం ఆగదు, కనరు వాసన వస్తుంది. ఫ్రిజ్‌లోనే పెట్టాలి. రెండోది, తవుడు నీటిని నెమ్మదిగా ఎక్కువగా పీలుస్తుంది. మైదాకు పోసినన్నే పాలు పోస్తే మొదట జారుగా కనబడి, కాసేపటికి బిగుసుకుపోతుంది. రెండు చెంచాలు ఎక్కువ పోసి, పది నిమిషాలు ఆగి, అప్పుడు చూసి కలుపుకోండి.

నేనైతే సగం మైదా, సగం ముడిపిండి కలుపుతాను. పూర్తిగా ముడిపిండితో పాన్‌కేకులు బాగానే వస్తాయి, మఫిన్లు మాత్రం బరువుగా కూర్చుంటాయి.

కొత్తచేయి

జల్లెడ గారికి ధన్యవాదాలు. వేడి నీళ్ల పరీక్ష చేశాను, నురగ రాలేదు. కొత్త డబ్బా తెచ్చేలోగా, బేకింగ్ పౌడర్ ఇంట్లోనే కలుపుకోవచ్చా? వంట సోడా ఉంది, క్రీమ్ ఆఫ్ టార్టార్ అనే పుల్లటి పొడి ఉంది.

పొంగు

కలుపుకోవచ్చు. వంట సోడా ఒక చెంచాకు క్రీమ్ ఆఫ్ టార్టార్ రెండు చెంచాలు. వెంటనే వాడేస్తే ఇంకేమీ అక్కర్లేదు, దాచుకోవాలంటే ఒక చెంచా కార్న్ ఫ్లోర్ కూడా కలపండి. పిండిపదార్థం లేకుండా కలిపితే ఒక టీస్పూన్ బేకింగ్ పౌడర్ బదులు ముప్పావు టీస్పూన్ చాలు. కార్న్ ఫ్లోర్ కలిపినదైతే టీస్పూన్‌కు టీస్పూనే.

కానీ సీసా నిండా కలిపే మిక్స్‌కు దీన్ని వాడమని చెప్పను. ఇప్పుడు దొరికే బేకింగ్ పౌడర్లలో చాలావరకు రెండు దఫాలుగా పనిచేసేవి. తడి తగలగానే కొంత, ఓవెన్ వేడి తగిలాక మిగతాది. అందుకే పిండి కలిపాక కాస్త ఆలస్యమైనా ఓవెన్‌లో మళ్లీ పొంగుతుంది. క్రీమ్ ఆఫ్ టార్టార్ అలా కాదు. గది వేడిలోనే, తడి తగిలీతగలగానే పనంతా ముగించేస్తుంది. దానితో చేస్తే పెనమో ఓవెనో ముందే కాగి ఉండాలి, పిండి కలిపిన మరుక్షణం వేసేయాలి.

తూనికరాయి

చెంచాల్లో ఒకటికి రెండు. తూకంలో మాత్రం ఆ లెక్క కాదు. సోడా గ్రాముకు రెండు పాయింట్ రెండు గ్రాముల పైచిలుకు క్రీమ్ ఆఫ్ టార్టార్ ఉంటేనే పూర్తిగా విరుగుతుంది, అంటే 4 గ్రాములకు 9 గ్రాములు. క్రీమ్ ఆఫ్ టార్టార్ సోడా కంటే తేలిక కాబట్టి చెంచాతో వేస్తే తూకానికి కొంత తక్కువే పడుతుంది. సబ్బు రుచి పసిగట్టే నాలుక ఉన్నవాళ్లు దీన్ని తూచే కలుపుకోవాలి.

అరలో_డబ్బా

ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. పాలపొడి, పంచదార సంగతి ఎవరూ తేల్చలేదు. అవి కూడా కలిపేస్తే నీళ్లు పోసుకుంటే చాలు కదా?

తూనికరాయి

పాలపొడి కలపండి, లాభమే. వెన్న తీసిన పాలపొడి కిలో మైదాకు 120 గ్రాములు. అప్పుడు పాల బదులు నీళ్లు పోస్తే సరిపోతుంది. వెన్న తీయని పాలపొడిలో కొవ్వు ఉంటుంది గనక తొందరగా వాసన మారుతుంది. పాలపొడి తేమను ఇట్టే పీల్చి ఉండ కడుతుంది, దాన్ని విడిగా ఒకసారి జల్లించి కలపండి.

పంచదార మాత్రం వద్దంటాను. పాన్‌కేకుకు ఒక చెంచా చాలు, మఫిన్లకు బోలెడు కావాలి, పైన చీజ్ వేసి చేసే స్కోన్లకు అసలే అక్కర్లేదు. ముందే కలిపితే ఈ మూడింట్లో ఒక్కదానికే సరిగ్గా కుదురుతుంది. సీసాలో ఎంత తక్కువ ఉంటే దాన్ని అన్ని రకాలకూ వాడుకోవచ్చు. సోడా గురించి పొంగు గారు చెప్పిన దానికీ, కొవ్వు విషయంలో నేను కాస్త వెనకాడటానికీ కారణం అదే.

వెన్నముద్ద

కొవ్వు విషయంలో నేను ఒప్పుకోను గానీ, పంచదార విషయంలో మీ మాటే నాదీ.

తక్కువ_ఉప్పు

మా ఇంట్లో డాక్టరు చెప్పినందువల్ల సోడియం లెక్కపెట్టుకుని తినేవాళ్లున్నారు. ఈ మిక్స్‌లో ఉప్పు 12 గ్రాములే కదా, అది కూడా తీసేస్తే సోడియం లేనట్టేనా?

పొంగు

కాదండీ. బేకింగ్ పౌడర్‌లోనూ సోడియం ఉంది. కంపెనీని బట్టి మారుతుంది గానీ టీస్పూన్‌కు సుమారు 400 నుంచి 500 మిల్లీగ్రాముల దాకా ఉండేవి మామూలే. వంట సోడాలో ఇంకా ఎక్కువ, టీస్పూన్‌కు 1,200 మిల్లీగ్రాముల పైనే. తూనికరాయి గారి కొలతలో కప్పు మిక్స్‌కు టీస్పూన్ పైచిలుకు బేకింగ్ పౌడర్ పడుతుంది. ఉప్పు మొత్తం తీసేసినా కప్పుకు అంత సోడియం మిగిలే ఉంటుంది. మీ డబ్బా మీద రాసిన అంకె చూసి లెక్క కట్టుకోండి.

సోడియం బదులు పొటాషియం బైకార్బనేట్‌తో చేసిన బేకింగ్ పౌడర్లు దొరుకుతాయి. కానీ మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకూ, కొన్ని రకాల రక్తపోటు మందులు వాడేవాళ్లకూ పొటాషియం ఎక్కువైతే ప్రమాదం. డాక్టరును అడగకుండా అటు మారవద్దు.

తక్కువ_ఉప్పు

ఇది అడిగి మంచిపని చేశాను. ఉప్పు డబ్బా పక్కన పెడితే చాలనుకునేవాళ్లు మా ఇంట్లోనే ముగ్గురున్నారు. ధన్యవాదాలు.

మిట్ట

మేం ఉండేది ఎత్తు ప్రదేశం, సుమారు 1,500 మీటర్లు. పుస్తకం కొలతతో చేస్తే మఫిన్లు బాగా పొంగి, ఓవెన్‌లోనే నడుమ కుంగిపోతాయి. మిక్స్ ముందే కలిపేస్తే సరిచేసుకునే వీలుండదేమోనని ఆలోచిస్తున్నా.

పొంగు

మీరుండే ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువ. బుడగలు ఎక్కువగా ఉబ్బుతాయి, చుట్టూ ఉన్న పిండి గట్టిపడేలోగా పగిలిపోతాయి. అందుకే కుంగుతుంది. నీరు కూడా మీ దగ్గర 95 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది, తేమ త్వరగా పోతుంది.

మీ సీసాకు బేకింగ్ పౌడర్ ముందే తగ్గించి కలపండి. టీస్పూన్‌కు ఎనిమిదో వంతు నుంచి పావు వంతు దాకా తగ్గించవచ్చు. కిలో మైదాకు 50 గ్రాముల బదులు 40తో మొదలుపెట్టి చూడండి. కలిపేటప్పుడు కప్పు మిక్స్‌కు రెండు మూడు టేబుల్ స్పూన్ల తడి ఎక్కువ పోయండి, ఓవెన్ ఓ పది డిగ్రీలు పెంచండి. ముందే కలిపి పెట్టుకోవడం మీకు అడ్డంకి కాదు. ఒకసారి కుదిరిన కొలత రాసి పెట్టుకుంటే ప్రతిసారీ ఈ లెక్క చేయక్కర్లేదు.

కొత్తచేయి

మిక్స్ తయారైంది! ఇప్పుడు దీనితో ఏం చేయాలో ఖచ్చితమైన కొలత ఎవరైనా ఇస్తారా? వెన్న లేని పొడి మిక్స్ చేశాను, పాలపొడి వేయలేదు.

తూనికరాయి

పాన్‌కేకులు: మిక్స్ 150 గ్రాములు, గుడ్డు ఒకటి, పాలు 180 మిల్లీలీటర్లు, పంచదార ఒక టేబుల్ స్పూన్, కరిగించిన వెన్న ఒక టేబుల్ స్పూన్. పెనం మధ్యస్థంగా కాగాలి. పైన బుడగలు పగిలి, ఆ చిల్లులు మూసుకోకుండా నిలిచినప్పుడు తిరగేయండి.

మఫిన్లు: మిక్స్ 250 గ్రాములు, పంచదార 100 గ్రాములు, గుడ్డు ఒకటి, పాలు 180 మిల్లీలీటర్లు, నూనె 80 మిల్లీలీటర్లు. 200 డిగ్రీల్లో 18 నుంచి 20 నిమిషాలు.

రెండింటికీ ఒకటే నియమం. తడివన్నీ ఒక గిన్నెలో గిలకొట్టి పొడిలో పోశాక, పిండి పొడిగా కనబడనంతవరకే కలపండి. చిన్న ఉండలు ఉన్నా ఫర్వాలేదు, అవి కాలేటప్పుడు కలిసిపోతాయి. నున్నగా వచ్చేదాకా కలిపితే గ్లూటెన్ బలపడి లోపల సొరంగాల్లాంటి చిల్లులు పడతాయి, మఫిన్ సాగుతుంది.

వెన్నముద్ద

స్కోన్లు నేను చెబుతాను. మీ పొడి మిక్స్ 250 గ్రాముల్లో చల్లటి వెన్న 60 గ్రాములు రవ్వలా కలపండి. నా మిక్స్ లాంటిదైతే వెన్న ముందే ఉంటుంది కాబట్టి దాన్నే 310 గ్రాములు తీసుకోండి. చల్లటి పాలు 150 మిల్లీలీటర్లు అనుకోండి, కానీ అన్నీ ఒకేసారి పోయకుండా చివరి రెండు మూడు చెంచాలు ఆపి పిండి ఎలా ఉందో చూడండి. మెత్తగా, చేతికి కొద్దిగా అంటుకునేలా ఉండాలి. రెండున్నర సెంటీమీటర్ల మందాన చేత్తోనే అద్ది, పదునైన అచ్చుతో నిలువుగా నొక్కి తీయండి. అచ్చును మెలితిప్పితే అంచులు అతుక్కుపోయి ఒక పక్కకు ఒరుగుతూ పొంగుతాయి. 220 డిగ్రీల్లో 12 నుంచి 14 నిమిషాలు.

ముడిగోధుమ

గుడ్డు తిననివాళ్ల కోసం: ఒక టేబుల్ స్పూన్ అవిసె గింజల పొడిని మూడు టేబుల్ స్పూన్ల నీళ్లలో పది నిమిషాలు నానబెడితే జిగురులా అవుతుంది. ఒక గుడ్డు బదులు అది వేయండి. పాన్‌కేకులకు, మఫిన్లకు పనిచేస్తుంది. గుడ్డు వేసినంత ఎత్తు రాదు.

అన్నట్టు, మఫిన్లలో పొద్దుతిరుగుడు గింజలు వేస్తే మరుసటి రోజుకు లోపల ఆకుపచ్చగా మారాయి. బూజేమోనని పారేయబోయాను, కానీ వాసన, రుచి మామూలుగానే ఉన్నాయి. ఎందుకిలా?

పొంగు

అది బూజు కాదు. ఆ గింజల్లో క్లోరోజెనిక్ ఆమ్లం అనే పదార్థం ఉంటుంది. పిండిలో క్షారం ఎక్కువగా ఉంటే దానితో కలిసి ఆకుపచ్చ రంగు వస్తుంది. తింటే హాని లేదు. గింజలు వేసే రోజున విడిగా సోడా కలపకండి, ఒట్టి బేకింగ్ పౌడర్ మిక్స్‌తోనే చేయండి, వీలైతే కాస్త నిమ్మరసం వేయండి. రంగు చాలావరకు తగ్గుతుంది.

అరలో_డబ్బా

నేను తేల్చుకున్నది చెబుతాను. పెద్ద సీసాలో తూనికరాయి గారి పొడి మిక్స్, పాలపొడితో. సోడా దాని పక్కనే వేరే డబ్బాలో. వెన్నముద్ద గారి మాట కూడా కాదనలేకపోయాను, అందుకని స్కోన్లకు సరిపడా 310 గ్రాముల చొప్పున వెన్న కలిపిన సంచులు కొన్ని ఫ్రీజర్‌లో పెట్టాను. అవి పాలపొడి కలపకముందే విడిగా తీసిన పిండితో చేసినవి, పాలతోనే కలపాలని సంచి మీద రాశాను.

ఆఖరుగా ఒకటే. ఫ్రీజర్ సంచిని కూడా, జల్లెడ గారు మైదాకు చెప్పినట్టు, గది వేడికి వచ్చేదాకా ఆపి తెరవాలా?

జల్లెడ

వద్దు, దానికి ఆ నియమం వర్తించదు. మైదాను ఆపమన్నది తేమ పట్టిన పిండిని మళ్లీ నెలల తరబడి నిలవ పెడతారు కాబట్టి. మీ సంచి మొత్తం అప్పటికప్పుడే వాడేస్తారు. పైగా లోపలి వెన్న చల్లగా ఉంటేనే స్కోన్లు పొరలు విచ్చుతాయి. ముందు ఓవెన్ కాగనివ్వండి, అచ్చు, పాలు దగ్గర పెట్టుకోండి, అప్పుడు సంచి తీసి నేరుగా గిన్నెలో పోయండి. గడ్డగా ఉన్నచోట వేళ్లతో చిదిపితే చాలు.